మీ వాడు ఎలా వచ్చాడు?

తెలుగులో వీరుల కథలు రాస్తున్న రచయితలకు, సినిమాలు తీస్తున్న దర్శకులకు, బొమ్మల కథలు గీస్తున్న చిత్రకారులకు



ఈమధ్య చదివిన ఒక కథ సంగతి చెప్పి విషయానికి వస్తాను. ఎవరిదో చెప్పను, రాసినవారికి తెలుస్తుంది. హీరో కూకట్‌పల్లిలో ఐదో అంతస్తు బాల్కనీలో నిలబడి టీ తాగుతున్నాడు. సాయంత్రం ఆరున్నర. చార్మినార్ దగ్గర సందులో ఒక పిల్లను ఎవరో ఎత్తుకుపోతున్నారని ఫోను వచ్చింది. హీరో కళ్లు ఎర్రబడ్డాయి. తర్వాతి వాక్యంలో అతను చార్మినార్ కింద ఉన్నాడు, కోటు గాలికి రెపరెపలాడుతోంది.

నేను అక్కడే పుస్తకం మూసేశాను.

అతనికి అతీత శక్తులున్నాయంటే నాకేం పేచీ లేదు. ఒంటిచేత్తో లారీ ఎత్తుతాడన్నారు, సరే. గోడకవతల ఏముందో కనిపిస్తుందన్నారు, అదీ సరే. కానీ ఆరున్నరకు అమీర్‌పేట దాటాడంటే ఎలా దాటాడో చెప్పి తీరాలి. ఎగిరాడా? ఎగిరితే మెట్రో కరెంటు తీగలకు పైనా, కిందా? దిగేటప్పుడు పత్తర్‌గట్టి ముత్యాల కొట్లవాళ్లు తలెత్తి చూశారా, లేక బేరం చెడుతుందని తల దించుకునే ఉన్నారా? దాదాపు ఇరవై కిలోమీటర్ల ఊరిని ఒక్క చుక్క పెట్టి కప్పదాటు వేసేశారు మీరు. విలన్ని కొట్టడం ఏ హీరో అయినా కొడతాడు. ఆ ఇరవై కిలోమీటర్లు దాటడంలోనే మీవాడెవడో మాకు తెలిసేది.

నేనెవరినంటారా? పత్రికాఫీసులో ముప్పై ఏళ్లు రాత్రి డ్యూటీ చేసిన సబ్ ఎడిటర్‌ని. కథలు రాయలేదు. ఇతరుల వాక్యాలు దిద్దుతూ బతికాను. ఆదివారాలు ఆబిడ్స్ పేవ్‌మెంట్ల మీద పాత పుస్తకాల గుట్టల్లో గడిచాయి. అక్కడ కిలోల లెక్కన కొన్న ఇంగ్లిషు బొమ్మల కథల్లో, చవక నవలల్లో నేను గమనించింది ఒక్కటే: బాగా రాసినవాళ్లు హీరోకు ముందు దారి ఇస్తారు, శక్తి తర్వాత. ఆ దారిని ఊరి ఒంట్లోంచే తీస్తారు.

స్పైడర్‌మాన్‌నే తీసుకోండి. 1962లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో ‘అమేజింగ్ ఫాంటసీ’ 15వ సంచికలో ఆ కుర్రాణ్ని పుట్టించారు. ఇల్లు న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో, ఫారెస్ట్ హిల్స్ అనే పేటలో. సాహసాలు చాలావరకు మన్‌హటన్‌లో. 1811లో వేసిన ప్లాను పుణ్యమా అని మన్‌హటన్ వీధులు చాలా భాగం లెక్కల పుస్తకంలో గళ్లలా తిన్నగా ఉంటాయి. వీధికి రెండు పక్కలా కొండచరియల్లా మేడలు. ఒక మేడకు దారం తగిలించి ఊగితే ఆ ఊపు ఆగేచోట ఇంకో మేడ కాచుకుని ఉంటుంది. ఆ ఊరు లేకపోతే ఆ సాలీడే లేడు. 2017లో వచ్చిన ‘హోమ్‌కమింగ్’ సినిమావాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. దొంగల వెంటపడి కుర్రాడు శివారు కాలనీకి వచ్చేసరికి దారం వేయడానికి ఎత్తయిన మేడ ఒక్కటీ లేదు. గోల్ఫ్ మైదానం గడ్డిలో మనలాగే రొప్పుతూ పరిగెత్తాడు. సినిమా మొత్తంలో నేను ఇష్టంగా తలచుకునే చోటు అది.

అదే సాలీణ్ని మన మలక్‌పేటకు తెచ్చి వేలాడదీస్తే ఏమవుతుంది? మూడంతస్తుల మేడ, పక్కన ఖాళీ స్థలం, దాని పక్కన ఫంక్షన్ హాలు. రెండో ఊపుకే షామియానా మీద పడతాడు. అతని చేతిలో దారం పెట్టింది మన్‌హటన్. మలక్‌పేట మీ వాడి చేతిలో ఏం పెడుతుందో మీరే వెతకాలి.

ఆ కుర్రాడి కథలో ఇంకో ఒడుపుంది. దారం తయారయ్యే ద్రావకం అతను సొంతంగా కలుపుకున్నది. మణికట్టు దగ్గర గొట్టాల్లో నింపుకుంటాడు. ఏ వీధి నడిగాలిలోనో అది అయిపోతుంది. ఇదేదో విదేశీ తెలివి అనుకోకండి. మన అల్లసాని పెద్దన ‘మనుచరిత్ర’లో ప్రవరుడికి సిద్ధుడు కాళ్లకు పసరు పూశాడు కదా. ఊరి పొలిమేర దాటని బ్రాహ్మడు క్షణంలో హిమాలయం చేరాడు. మంచు కరిగి ఆ పసరు కడుక్కుపోయింది. తిరిగి వెళ్లే దారి లేదు. దారి లేదు కాబట్టే అప్సరస వరూధిని కంట పడ్డాడు, ఆమె వల్లే కావ్యం. పసరు చెరగకపోతే ప్రవరుడు మధ్యాహ్న భోజనానికి ఇల్లు చేరేవాడు, పెద్దనకు రాయడానికి ఏమీ మిగిలేది కాదు. అయిదు వందల ఏళ్ల కింద తెలుగు కవికి తెలిసిన కిటుకు, చేతిలో డ్రోన్లు, గ్రాఫిక్స్ పెట్టుకుని మీరు మరిచిపోతే ఎలా?

ఎగరడం గురించి నా ఫిర్యాదు వేరు. 1938లో సూపర్‌మాన్ మొదటిసారి అచ్చులోకి వచ్చినప్పుడు అతనికి ఎగరడం రాదు. ఒక్క గెంతుకు మైలులో ఎనిమిదో వంతు, మన లెక్కన 200 మీటర్లు. అంతే. గెంతేవాడికి దిగడానికి చోటు కావాలి. ఏ మేడ అంచు గట్టిది, ఏ వీధిలో జనం ఉన్నారు అని చూసుకోవాలి. తర్వాతి ఏళ్లలో ఎగరడం వచ్చేసింది. అప్పటినుంచి ఊరు అతని కాళ్ల కింద పటం అయిపోయింది. నాకు గెంతే సూపర్‌మానే ఇష్టం. ఎగిరేవాడికి ఊరితో పనిలేదు.

కానీ ఎగిరేవాళ్లలోకెల్లా పెద్దవాడు మనింట్లోనే ఉన్నాడు. ఆయన ఏం చేశాడో చూడండి. హనుమంతుడు నూరు యోజనాల సముద్రం దాటాడు. లంక పొలిమేరకు వచ్చాక ఎగరడం మానేశాడు. పొద్దుగూకేదాకా ఆగి, పిల్లి అంత చిన్నవాడై ఊళ్లోకి వెళ్లాడని వాల్మీకి చెప్పాడు. ఆ రాత్రంతా ప్రాకారాలు, మేడలు, పానశాలలు, అంతఃపురం గదులు ఒక్కొక్కటీ వెతుక్కుంటూ తిరిగాడు. సముద్రాన్ని ఒక్క సర్గలో దాటించిన కవి, ఊరు తిప్పడానికి ఎన్ని సర్గలు తీసుకున్నాడో లెక్కపెట్టుకోండి. సముద్రం మీద ఎంత వేగమైనా చెల్లుతుంది. ఊళ్లో చెల్లేది పిల్లి నడక. తోకకు నిప్పు పెట్టాక ఇంటి కప్పు మీంచి ఇంటి కప్పుకు దూకుతూ పోయాడే, అదీ ఆ ఊరి కప్పులు అంత దగ్గరగా ఉండబట్టే.

మన సినిమావాళ్లలో ఈ పిల్లి నడక పట్టుకున్నది నా దృష్టిలో ‘ఈగ’ ఒక్కటే. 2012లో రాజమౌళి హీరోను చంపేసి ఈగగా పుట్టించాడు. ఆ ఈగకు బండి లేదు, బలం లేదు. విలన్ కారులోనే దూరి, నడిపేవాడి ముక్కు మీద, చెవి దగ్గర రొద పెట్టి కారును బోల్తా కొట్టించింది. ‘కల్కి’ సినిమా కోసం 2024లో బుజ్జి అనే మూడు చక్రాల బండిని నిజంగానే కట్టారు. మెచ్చుకోవలసిన పనే. కానీ నాకు గుర్తున్నది దాని చక్రాలు కాదు, సినిమాలో అది మాట్లాడే గొణుగుడు.

ఇప్పుడు మీ కూకట్‌పల్లి హీరో దగ్గరికి వద్దాం. ఆరున్నరకు బయల్దేరి అతను నిజంగా చార్మినార్ చేరాలంటే ఏం చేయాలి? ఊరు తెలిసిన ఎవరినడిగినా చెబుతారు: మెట్రో ఎక్కాలి. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వెళ్లే ఎర్ర లైను కూకట్‌పల్లి మీదుగానే పోతుంది, అమీర్‌పేటలో జనాన్ని దించి జనాన్ని ఎక్కించుకుని ఎంజీబీఎస్ చేరుతుంది. నవ్వకండి. ఆ అరగంటా పైచిలుకులో ఎంత కథ ఉందో చూడండి. స్టేషను దగ్గర బ్యాగు స్కానర్‌లో పెట్టమంటారు. మీవాడి ఆయుధం ఏమిటి, దాన్ని ఎలా దాటిస్తాడు? పెట్టెలో ఊపిరాడని రద్దీ. తలుపులు మూసుకునేటప్పుడు కోటు అంచు ఇరుక్కుంది. పక్కన నిలబడ్డ ఆడమనిషి ‘కాస్త జరుగు నాయనా’ అంది. ఫోనులో పిల్ల ఏడుపు వినిపిస్తోంది, మీవాడు ఒక్క అంగుళం కదల్లేడు. లారీ ఎత్తే చేతులు హ్యాండిల్ పట్టుకుని వేలాడుతున్నాయి. నాకు తెలిసి దీన్ని మించిన ఉత్కంఠ లేదు.

ఎంజీబీఎస్‌లో దిగాక నయాపూల్ దాటి మదీనా, పత్తర్‌గట్టి, గుల్జార్ హౌజ్ మీదుగా నడక. రంజాన్ రోజులైతే పరుగు కుదరదు. అక్కడ జనం ఎటు కదిలితే మనమూ అటే. అప్పుడు కప్పులెక్కాలి. లాడ్ బజార్ వెనక సందుల్లో ఇళ్లు భుజం భుజం ఆనుకుని ఉంటాయి. ఒక పిట్టగోడ దాటితే ఇంకో పిట్టగోడ. కానీ పాతబస్తీ కప్పులు ఖాళీగా ఉంటాయని ఎవరు చెప్పారు మీకు? నీళ్ల ట్యాంకులు, డిష్‌లు, ఆరేసిన దుప్పట్లు, మంచాలేసుకుని పడుకున్న ముసలాళ్లు. సంక్రాంతికైతే ఊరు ఊరంతా కప్పుల మీదే. ధూల్‌పేట నుంచి తెచ్చిన గాలిపటాలు, గాజుపొడి పట్టించిన మాంజా. పరిగెత్తే హీరో మెడకు అడ్డంగా ఆ దారం ఒక్కటి చాలు. విలన్ మనుషులు ఎందుకు, ఎదురింటి పన్నెండేళ్ల పిల్లాడు చాలు.

నిమజ్జనం రోజు సంగతి మీరెవరూ రాయరేం? ఏడాదిలో ఆ ఒక్కరోజు బాలాపూర్ నుంచీ, ఎక్కడెక్కడి నుంచీ వచ్చే లారీలన్నీ హుస్సేన్ సాగర్ వైపే కదులుతాయి. ఆ ప్రవాహంతో పోయేవాడికి దారి ఉంది, నెమ్మదిగా. ఎదురు పోవలసినవాడికి ఏ శక్తీ పనికిరాదు. మీ హీరోకు ఆరోజే ఎదురు పోవలసిన పని పెట్టండి, చూద్దాం.

పరాయివాళ్ల దగ్గర అరువు తెచ్చుకోవచ్చు, తప్పు లేదు. తెచ్చాక మన నీళ్లలో తడపాలి. బ్రాండన్ శాండర్సన్ 2006లో రాసిన ‘మిస్ట్‌బోర్న్’లో లూథడెల్ అనే ఊరుంది. అక్కడి వీరులు లోహాన్ని మనసుతో నెట్టగలరు. నాణెం గాలిలో ఉండగా నెడితే అది తూటాలా పోతుంది. నేలకు ఆనుకున్నాక నెడితే అది కదల్లేదు కనక నెట్టినవాడే పైకి లేస్తాడు. జేబునిండా చిల్లర ఉంటే మేడలెక్కొచ్చు. చక్కటి లెక్క. మన ఊళ్లో పెడితే మొదటి అధ్యాయంలోనే మీవాడు కండక్టరు దగ్గర చిల్లర కోసం గొడవపడాలి. ఫోన్‌పే వచ్చాక ఆ చిల్లరా లేదు. నీల్ స్టీఫెన్సన్ 1992 నవల ‘స్నో క్రాష్’లో ఒక అమ్మాయి చక్రాల పలక మీద నిలబడి, పోయే కార్లకు అయస్కాంతపు కొక్కెం విసిరి, వాటి వేగాన్ని ఊరికే వాడుకుంటుంది. అది చదివినప్పుడు నాకు కాలిఫోర్నియా గుర్తు రాలేదు. చెరుకు ట్రాక్టరు వెనక ఒక చేత్తో ట్రాలీ పట్టుకుని సైకిలు మీద బడికి పోయిన మా ఊరి పిల్లలు గుర్తొచ్చారు. అయస్కాంతం లేదు, చెరుకు గడ అదనం.

టెర్రీ ప్రాచెట్ ఊహించిన అంక్-మోర్‌పోర్క్ ఊళ్లో శామ్ వైమ్స్ అనే పోలీసాయన ఉన్నాడు. బూట్ల అట్టలు అరిగి పల్చబడ్డాయి. చీకట్లో కూడా కాలి కింద రాళ్ల తీరును బట్టి ఏ వీధిలో ఉన్నాడో చెప్పేస్తాడు. ఇంత చౌకైన అతీత శక్తిని నేనింకెక్కడా చూడలేదు. మీ హీరో కళ్లకు గంతలు కట్టి కారు డిక్కీలో వేసుకుపోనివ్వండి. ఇరానీ హోటల్ ముందు చాయ్, ఉస్మానియా బిస్కెట్ల వాసన. చాదర్‌ఘాట్ దగ్గర మూసీ కంపు, అది ముక్కున్నవాడెవడైనా పడతాడు. గుడిమల్కాపూర్ పూల మార్కెట్ అయితే బంతిపూలు, తడిసిన గోనెలు. వరసగా మూడు స్పీడ్ బ్రేకర్లు, ఒక గుంత, మళ్లీ స్పీడ్ బ్రేకర్. అది ఏ వీధో రోజూ తిరిగేవాడు ఒళ్లుతోనే చెబుతాడు. కాలికి బలపం కట్టుకుని తిరిగినవాడికి తప్ప రాని శక్తి ఇది.

సొరంగం మాత్రం వద్దు. చార్మినార్ నుంచి గోల్కొండకు సొరంగం ఉందని ఈ ఊళ్లో ప్రతి పెద్దాయనా చెబుతాడు. ప్రతి రచయితా అందులోంచి ఒక హీరోను నడిపించాడు. ఇంకొకరు నడిస్తే ట్రాఫిక్ పోలీసును పెట్టాలి.

మురుగు కాలువ దారి గురించి మాత్రం కాస్త నిదానంగా మాట్లాడాలి. 1862లో విక్టర్ హ్యూగో ‘లే మిజరబ్ల్’లో జాఁ వల్జాఁ చేత గాయపడ్డ కుర్రాణ్ని భుజాన మోయించి ప్యారిస్ మురుగు కాలువల్లోంచి నడిపించాడు. దానికి ముందు కథ ఆపి ఆ కాలువల చరిత్రే అధ్యాయాల తరబడి చెప్పాడు. 1949లో వచ్చిన ‘ద థర్డ్ మాన్’ సినిమాలో వియన్నా మురుగు కాలువల్లో వేట. 1984 నుంచి నింజా తాబేళ్లు న్యూయార్క్ కింద కాపురమే పెట్టాయి. వీటిని చూసి మన రచయితలూ మూతలెత్తి హీరోను దింపుతున్నారు. దింపండి. కానీ ఆ మూత కింద మన ఊళ్లలో ఎవరు దిగుతున్నారో, ఎలా పోతున్నారో పేపర్లో లోపలి పేజీలో సింగిల్ కాలమ్ వార్తలుగా నేను ఎన్నోసార్లు దిద్దాను. మనుషుల్ని అలా దింపకూడదని 2013లో చట్టం వచ్చింది. వార్తలు ఆగలేదు. మీవాడు మాస్కు పెట్టుకుని దిగి, అవతల మూత ఎత్తుకుని తళతళలాడుతూ బయటికొస్తే నాకు ఒళ్లు మండుతుంది. అక్కడ విషవాయువు ఉంటుంది. ఆ దారి తెలిసిన మనిషి ఒకడుంటాడు. మీ హీరో అతనికి దణ్ణం పెట్టి, దారి అడిగి, అతను వద్దంటే ఆగాలి.

ఎప్పుడూ హైదరాబాదేనా అని బెజవాడవాళ్లు అడుగుతారు, న్యాయమే. ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదలై బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఊళ్లోంచే పోతాయి. మూడు కాలువలున్న ఊళ్లో మీ హీరోలందరూ బెంజి సర్కిల్లో బైకులు గాల్లోకి లేపుతారు. కాలువలో నీళ్లు వదిలే రోజులు వేరు, కట్టేసే రోజులు వేరు. అదే మీవాడి శక్తికి హద్దు. నీళ్లున్నప్పుడు లారీ ట్యూబు మీద పడుకుని వంతెనల కింద నుంచి చప్పుడు లేకుండా పోతాడు. కాలువ కట్టేశాక బురదలో మోకాలి లోతున నడవాలి. పసరు కడుక్కుపోయిన ప్రవరుడే.

చివరగా నా సొంత దారి ఒకటి మీకు ఇస్తాను. దీనికి కాపీరైటు లేదు.

రాత్రి రెండు దాటాక సిటీ ఎడిషన్ అచ్చుకు పోయేది. అప్పటికి బస్సులుండవు. ఆటోవాడు మూడింతలడిగేవాడు, ఆ జీతానికి అది కుదిరేది కాదు. ప్రెస్సు వెనక గేటు దగ్గర పార్సిల్ వ్యాన్లు వరసగా ఉండేవి. మా వైపు పోయే వ్యాను వెనక కట్టల మీద కూర్చుని వెళ్లేవాణ్ని. అప్పుడే మిషను మీంచి దిగిన పేపరు వెచ్చగా ఉంటుంది. జనవరిలో ఆ వెచ్చదనం రజాయికి తక్కువేం కాదు. చొక్కాకు సిరా అంటితే మా ఆవిడ తిట్టేది, అంతే ఖర్చు. నారాయణగూడ, కోఠి, చాదర్‌ఘాట్, మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్. ఏ పాయింటు దగ్గరా బండి పూర్తిగా ఆగదు. నెమ్మదిస్తుంది, కుర్రాడు కట్ట విసురుతాడు, వీధిదీపం కింద గోనె పరుచుకుని కూర్చున్న ఏజెంటు అందుకుంటాడు. ఎక్కడ పోలీసు చెకింగ్ ఉంటుందో, ఏ సందులో కుక్కలు వెంటపడతాయో డ్రైవరుకు తెలుసు. మా వెనకే పాల వ్యాన్లు, తర్వాత కూరగాయల లారీలు, పూల ఆటోలు, తెల్లారుతుండగా చీపుళ్లతో మున్సిపాలిటీ ఆడవాళ్లు. ఎవరి వేళ వాళ్లది, ఎవరి దారి వాళ్లది. పొద్దున్న ఆరు గంటలకు లేచే ఊరికి ఇదేదీ తెలియదు. ముప్పై ఏళ్లు నేను పైసా ఖర్చు లేకుండా, పగటి మనిషి ఒక్కడి కంట పడకుండా ఈ ఊరు దాటాను. కండలు లేవు, కోటు లేదు.

మీ హీరోను ఇందులో ఎక్కించండి. రెండూ ఇరవై బండి తప్పితే మూడింటి పాలబండి దాకా ఆగాలి. ఆ నలభై నిమిషాలు మీకు కథ. ఎప్పుడు ఎక్కడ దిగుతాడో బళ్ల వేళలు తెలిసిన ప్రతివాడికీ తెలుస్తుంది, విలన్ కూడా పేపరు ఏజెంటు కొడుకే కావచ్చు. అందరూ చోటిస్తారు కాబట్టి అందరికీ బాకీపడతాడు. ఏదో ఒక రోజు పాలబండాయన వచ్చి తన పని చేసిపెట్టమంటాడు, కాదనలేడు.

డ్రైవరు ముందు సీట్లో కూర్చోనివ్వడు, అది కట్టలు వేసే కుర్రాడిది. వెనక ఎక్కాలి. టిక్కెట్టు అడగడు, పేరు అడగడు. చాదర్‌ఘాట్ మలుపులో వెనక తలుపు గడియ సరిగా పడదు. ఒకసారి నాలుగు కట్టలు రోడ్డున పడ్డాయి, ఏరుకునేసరికి దిల్‌సుఖ్‌నగర్ ఏజెంటు మమ్మల్ని చెడామడా తిట్టాడు. అప్పటినుంచి వెనక కూర్చున్నవాడి పని ఒక్కటే: ఆ మలుపు వచ్చినప్పుడు రెండు చేతులా కట్టలు పట్టుకోవడం.

లారీలెత్తే మీవాడికి ఆ మాత్రం చేతనవుతుందా, కనుక్కోండి.

ఇట్లు
రాత్రి డ్యూటీ నుంచి రిటైరైన ఒక సబ్ ఎడిటర్